పాతబడి పుట్టే గిటార్లు

కొత్తగా తయారైన ఎలక్ట్రిక్ గిటార్‌కు కర్మాగారంలోనే రంగు గీకి, లోహపు భాగాలకు కిలుము పట్టించి, మెడను అరగదీసి, దశాబ్దాల తరబడి వేదికలపై నలిగిన వాద్యంలా దాన్ని తీర్చి, మెరిసే కొత్త గిటార్ కన్నా ఎక్కువ ధరకు అమ్మే పద్ధతి అమెరికన్ వాద్య పరిశ్రమలో 1990ల నడుమ మొదలై నేటికీ బలంగా సాగుతోంది. ఇలా పాతబరచిన వాద్యాన్ని ఆ రంగంలో రెలిక్ అని పిలుస్తారు. దీన్ని ఉత్త వేషమని కొట్టిపారేసేవారు తక్కువేమీ కాదు. అయితే పరిశ్రమ తాను పోగొట్టుకున్న నమ్మకాన్ని తిరిగి సంపాదించుకునే ప్రయత్నంలోనే ఈ పద్ధతి పుట్టిందని, మనిషి చేయి ఒక వస్తువును ఏయే చోట్ల ఎలా అరగదీస్తుందో శ్రద్ధగా చదివిన ఒక కొత్త చేతిపని దాని వెంట రూపుదిద్దుకుందని దాని చరిత్ర చెబుతుంది.

వాద్యాన్ని పాతబరచడం గిటార్‌తో మొదలు కాలేదు. 19వ శతాబ్దంలో పారిస్‌లో వయొలిన్లు చేసిన జాన్ బాప్టిస్ట్ వియోమ్ (1798–1875) ఇటలీలోని క్రెమోనా పనివారి పాత వయొలిన్లకు ప్రతిరూపాలు చేసేటప్పుడు చెక్క ఆకృతితో ఆగక, గడ్డం ఆనే చోట, చేయి తగిలే చోట వార్నిష్ చెదిరిన తీరును కూడా తిరిగి సృష్టించాడు. పగనిని వాయించిన గ్వార్నేరి వయొలిన్‌కు ఆయన చేసిన ప్రతిరూపం ఆ విద్వాంసుడి శిష్యుడు సివోరికి చేరి, ఇప్పుడు అసలు వయొలిన్ ఉన్న జెనోవా నగరంలోనే భద్రంగా ఉంది. వయొలిన్ లోకంలో ఈ విద్యను పెద్దగా ఎవరూ తప్పు పట్టలేదు; ప్రతిరూపాన్ని అసలుగా నమ్మించి అమ్మడాన్నే తప్పు పట్టారు. ఈ తేడా గిటార్ల విషయంలోనూ మళ్లీ ముందుకు వచ్చింది.

గిటార్ల కథ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణంలో మొదలవుతుంది. లియో ఫెండర్ అక్కడ 1950లో తయారీ ప్రారంభించి తరువాతి ఏడాది టెలికాస్టర్ అని పేరు స్థిరపరచిన గిటార్, 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్, రెండూ బోలు లేని చెక్క దిమ్మకు మెడను మరలతో బిగించి చేసినవి. త్వరగా తయారు కావాలని, సులువుగా బాగుచేయడానికి వీలుండాలని ఆలోచించి చేసిన పనిముట్లే తప్ప అవి అపురూప వస్తువులు కావు. వాటి మీద పూసినది ప్రధానంగా నైట్రోసెల్యులోజ్ పూత, అంటే దూది వంటి పీచుపదార్థాన్ని నత్రికామ్లంతో మార్చి, ద్రావకంలో కరిగించి చేసే పల్చని పూత. కొన్ని రంగులు ఏకంగా కార్లకు వేసేవే. ఈ పూతకు మెత్తదనమిచ్చే పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ ఆవిరై పూత పెళుసెక్కుతుంది, పసుపు తిరుగుతుంది. చలిలో నిలిపిన వ్యానులోంచి తీసిన గిటార్‌ను వేడెక్కిన వేదిక మీదికి తెచ్చినప్పుడు కింది చెక్క ఒక తీరుగా, పైపూత మరో తీరుగా సాగి, పూత మీద సన్నని నెర్రెలు విచ్చుకుంటాయి. ఆపైన కుడి ముంజేయి ఒరిసే పై అంచున రంగు పోయి చెక్క బయటపడుతుంది, బెల్టు బకిల్ తగిలే వెనుక భాగంలో గీతలు గుంపుకడతాయి, మేపుల్ చెక్క మెడ మీద వేళ్లు ఎక్కువగా ఆడే చోట పూత అరిగి బూడిదరంగు మరకలు నిలుస్తాయి.

ఈ అరుగుదలకు విలువ వచ్చింది కంపెనీ చేతులు మారిన తరువాతనే. 1965 జనవరిలో సీబీఎస్ ప్రసార సంస్థ ఫెండర్ కంపెనీని 1.3 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ తరువాతి ఏళ్లలో ఉత్పత్తి పెరిగింది, నైట్రో పూత స్థానంలో మందపాటి ప్లాస్టిక్ తరహా పూత వచ్చింది, 1970లలో చాలా గిటార్లు బరువెక్కాయి, మెడ బిగింపు మారింది. వాయించేవారి ఫిర్యాదులలో కొంత అతిశయోక్తి ఉండవచ్చు గానీ, సీబీఎస్‌కు ముందు, తరువాత అనే గీత మాత్రం వాద్యకారుల మనసులో చెరగనిదిగా పడిపోయింది. దాదాపు అదే కాలంలో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో గిబ్సన్ కంపెనీ 1958–60 నడుమ చేసి, గిరాకీ లేక ఆపేసిన సన్‌బర్స్ట్ లెస్ పాల్ గిటార్‌ను, అంటే నడుమ పసుపుతో అంచుల వైపు ఎరుపెక్కే రంగు వేసినదాన్ని, గిటార్ విద్వాంసుడు ఎరిక్ క్లాప్టన్ 1966లో జాన్ మేయాల్ బృందంతో చేసిన రికార్డులో వినిపించాడు. మూలన పడ్డ పాత గిటార్ కోసం యువ వాద్యకారులు వెతకసాగారు. ఎండ సోకి ఎరుపు వెలిసిన గిటార్లకు ఆ వెలిసిపోవడమే శోభగా మారింది. 1970లలో నాష్‌విల్‌లోనూ లాస్ ఏంజెలస్ పరిసరాలలోనూ పాత గిటార్ల దుకాణాలు వర్ధిల్లి, పనిముట్టుగా పుట్టిన వస్తువు సేకరణ వస్తువైంది. దానితో సామాన్య వాద్యకారుడికి అది క్రమంగా దూరమైంది.

పరిశ్రమ మొదట ఇచ్చిన జవాబు కొలతలకు సంబంధించినది. ఫెండర్ 1982లో 1950లు, 60ల నమూనాలను అనుసరించి గిటార్లను తిరిగి తెచ్చింది. 1985లో ఉద్యోగుల బృందం సీబీఎస్ నుండి కంపెనీని కొన్నాక, 1987లో కాలిఫోర్నియాలోనే ఉన్న కరోనా పట్టణంలో కస్టమ్ షాప్ అనే చిన్న విభాగం మొదలై కోరిన వారికి కోరిన రీతిలో గిటార్లు చేయసాగింది. ఆకృతి సరిపోయినా వాటిని చేతిలోకి తీసుకుంటే కొత్త వస్తువేనని అంచుల పదునే చెప్పేది. రాక్ గిటార్ వాద్యకారుడు కీత్ రిచర్డ్స్ కోసం చేసిన ప్రతిరూపాలు మరీ కొత్తగా ఉన్నాయని, కాస్త నలగగొట్టమని ఆయన అన్నాడని ఆ రంగంలో ఒక కథ ప్రచారంలో ఉంది. కథ ఎలా ఉన్నా, కస్టమ్ షాప్ పనివాడు జె. డబ్ల్యూ. బ్లాక్, మిస్సోరి రాష్ట్రంలో తన సరదా కొద్దీ గిటార్లను పాతబరచడంలో ఆరితేరిన విన్స్ కునెట్టో కలిసి సిద్ధం చేసిన రెండు గిటార్లు 1995 ఆరంభంలో నామ్ అనే వాద్య వ్యాపారుల వార్షిక ప్రదర్శనలో కనిపించాయి. ఒకటి నోకాస్టర్, అంటే పేరు విషయంలో మరో కంపెనీ అభ్యంతరం చెప్పడంతో 1951లో కొన్ని నెలలు తలభాగాన మోడల్ పేరు లేకుండానే వెలువడిన టెలికాస్టర్ రూపం. రెండోది మేరీ కే అనే గాయని పేరుతో ప్రసిద్ధమైన, లేత చెక్క రంగుకు బంగారు పూత భాగాలు తొడిగిన స్ట్రాటోకాస్టర్. చూసినవారిలో కొందరు వాటిని కంపెనీ అలంకారానికి తెచ్చిన అసలు పాత గిటార్లనే అనుకున్నారని చెబుతారు. ఆర్డర్లు వచ్చాయి. 1999 వరకు చెక్క దిమ్మలు, మెడలు మిస్సోరిలోని కునెట్టో పనిశాలకు వెళ్లి, అక్కడ రంగు వేసుకుని, పాతబడి, కూర్పు కోసం కాలిఫోర్నియాకు తిరిగి వచ్చేవి.

ఈ పనిలోని నైపుణ్యం దెబ్బ కొట్టడంలో లేదు, ఎక్కడ కొట్టకూడదో తెలియడంలో ఉంది. పల్చని పూత ఆరాక గిటార్‌ను చల్లబరచి, వెంటనే వేడి చేస్తే సహజంగా ఏళ్లు పట్టే నెర్రెలు నిమిషాలలో విచ్చుతాయి. లోహపు మరలు, తీగల కింది పలక, పికప్ (తీగ కంపాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) కప్పులు ఆమ్లపు ఆవిరి తగిలి మెరుగు కోల్పోతాయి. ఉప్పు కాగితంతో ముంజేయి ఒరిసే చోట రంగు తీస్తారు, తాళంచెవుల గుత్తితో వెనుక గీస్తారు. ఫ్రెట్లు, అంటే స్వరస్థానాలను నిలిపే లోహపు మెట్లు, పొదిగిన పలక అంచులను గుండ్రంగా దువ్వుతారు. అయితే నిజమైన అరుగుదల ఒక క్రమంలో వస్తుంది: పైపూత పోయాక రంగు, రంగు పోయాక కింది పొర, ఆ తరువాత చెక్క, బయటపడిన చెక్క కూడా చెమటకు నల్లబడుతుంది. ఈ క్రమం తప్పిన గిటార్, మోకాళ్ల మీద కృత్రిమంగా తెల్లబరచిన జీన్స్ ప్యాంటులా, ఎవరి చేతికీ చెందని అరుగుదలను చూపిస్తుంది. చవక రకాలలో ప్రతి గిటార్‌కూ ఒకే చోట ఒకే గాయం కనిపించడానికి కారణం ఈ చదువు లేకపోవడమే.

తరువాత ఫెండర్ పాతదనాన్ని మెట్లుగా విభజించింది: గోదాములో అమ్ముడుపోక మిగిలినట్టుండేది ఒకటి, కొని కొద్దిగా వాయించి అలమరలో దాచినట్టుండేది మరొకటి, బాగా వాయించినట్టుండేది ఇంకొకటి. గిబ్సన్‌లో పనిచేసి 1994లో బయటకు వచ్చిన టామ్ మర్ఫీ పూత మీద నెర్రెలను బ్లేడుతో ఒక్కొక్కటిగా గీసే విధానంతో పేరు తెచ్చుకున్నాడు; 1999 నుండి ఆ కంపెనీకి పాతబరచిన లెస్ పాల్‌లు చేసి, 2020ల ఆరంభంలో నాష్‌విల్‌లో తన పేరిటే వెలసిన విభాగానికి పెద్దయ్యాడు. 2009లో ఫెండర్ మెక్సికోలోని ఎన్సెనాడా కర్మాగారంలో తక్కువ ధర రకాన్ని కూడా తెచ్చింది.

వాయించకుండానే వాయించిన కీర్తిని మోయడం అబద్ధమనేదే ఈ పద్ధతిపై ప్రధాన ఆక్షేపణ. ఐర్లండ్ గిటార్ విద్వాంసుడు రోరీ గాలగర్ 1963లో కోర్క్ నగరంలో 100 పౌండ్లకు కొన్న 1961 నాటి స్ట్రాటోకాస్టర్‌ను చూస్తే ఆ ఆక్షేపణ బలం తెలుస్తుంది: వేలాది రాత్రుల చెమట తాగి దాని రంగు దాదాపు అంతా పోయింది, 2024లో వేలంలో అమ్ముడై ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి చేరిన ఆ గిటార్ ఒక జీవితపు శ్రమకు సాక్ష్యం, దాని ప్రతిరూపం ఆ సాక్ష్యానికి నకలు. అయినా కంటికి కనిపించే పాతదనాన్నీ చేతికి తెలిసే పాతదనాన్నీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఎలక్ట్రిక్ గిటార్ శబ్దం ప్రధానంగా పికప్ అయస్కాంత క్షేత్రంలో కంపించే తీగ నుండి పుడుతుంది కనుక రంగు గీస్తే నాదం మారుతుందనే మాటకు బలం తక్కువ. మెడ అంచులు గుండ్రబడితే, జిగురుగా తగిలే పూత అరిగితే, ఎడమ చేయి జారే తీరు మాత్రం నిజంగానే మారుతుంది. వాయించేవాడికి దక్కే మేలు అక్కడే ఉంది, మిగిలినదంతా చూసేవారి కోసం.

ఈ వ్యాపారం ఎంత దూరం వెళ్లిందో క్లాప్టన్ గిటార్ ఒకటి చెబుతుంది. మూడు పాత స్ట్రాటోకాస్టర్ల భాగాలతో ఆయన కూర్చుకున్న బ్లాకీ అనే నల్ల గిటార్ 2004 వేలంలో 9,59,500 డాలర్లు పలికింది. రెండేళ్ల తరువాత ఫెండర్ దాని ప్రతి గాటునూ, తల దగ్గరి సిగరెట్టు మచ్చనూ వదలకుండా 275 ప్రతిరూపాలు చేసి ఒక్కొక్కటి 24,000 డాలర్లకు విడుదల చేసింది. ఇక కునెట్టో పనిశాలలో తయారైన తొలి రెలిక్‌లు ఇప్పుడు తామే పాతబడ్డాయి. వాటి మీద చేసిన గాయాల పక్కనే వాయించినవారి చేతి అరుగుదల చేరింది, బయటపడిన చెక్క నిజమైన చెమటకు నల్లబడింది. వాటి కోసం సేకర్తలు ప్రత్యేకంగా వెతుకుతున్నారు, వాటిలో ఏ గీత పనిశాలది, ఏ గీత వేదికది అని తేల్చడం పాత గిటార్ల వ్యాపారులు కొత్తగా నేర్చుకోవలసిన విద్యయింది.