బాస్కెట్‌బాల్ క్రీడలో సమష్టి రక్షణము

క్రీడల చరిత్ర వ్రాయువారు సాధారణముగా గెలుపోటములను, విజేతల పేరులను చెప్పి విరమింతురు. ఒక క్రీడలో రక్షణవిద్య ఎట్లు పుట్టినది, దానిని పిల్లలకెట్లు బోధింపవలెనను విచారణ మన భాషలో అరుదు. చెన్నపురిలో తెలుగు చెప్పుకొనుచు, సాయంకాలము ఆటస్థలమున పిల్లలను కనిపెట్టి యుండు ఉపాధ్యాయుడనగుటచే నాకీ విషయమున ఆసక్తి కలిగినది.

అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు నగరమున వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు 1891 డిసెంబరులో ఈ క్రీడను కల్పించెను. తరగతిలో 18 మంది యుండుటచే పక్షమునకు తొమ్మండుగురు చొప్పున ఆడిరి. ఆయన వ్రాసిన 13 నియమములలో రెండు మనకు ముఖ్యములు. బంతితో పరుగెత్తరాదు, ప్రత్యర్థిని పట్టుట, త్రోయుట, కాలడ్డుట కూడదు. చేతితో పట్టరానప్పుడు ప్రత్యర్థిని ఆపుటకు మిగిలిన సాధనము మనము నిలుచు చోటొక్కటియే. ఈ క్రీడలోని రక్షణకళ కంతకు ఇదియే మూలము.

ఆ స్ప్రింగ్‌ఫీల్డు విద్యాలయమున చదివిన హారీ క్రో బక్ అను నతడు చెన్నపురికి వచ్చి 1920లో వై.ఎం.సి.ఏ. వ్యాయామ శిక్షణ పాఠశాలను స్థాపించెను. అదియే తరువాత కళాశాలయై అడయారు నది చెంత నందనమున స్థిరపడినది. ఆయన 1943లో మరణించెను. క్రీడ పుట్టిన ఇంటికిని మన నగరమునకును గల సంబంధ మిట్టిది.

తొలుత ప్రతివాడును తనకెదురైన వానిని వెన్నాడుటయే రక్షణముగా నుండెను. 1914లో వెస్టు వర్జీనియాలోని బ్రిస్టల్ అను ఊర, పైకప్పు కారి నేల జారుచుండగా, క్యామ్ హెండర్సన్ అను శిక్షకుడు తన బాలురను వెన్నాడుట మాన్పించి తలకొక చోటు కాయుమనెనని చెప్పుదురు. స్థలరక్షణ పద్ధతికి ఇదియొక ప్రసిద్ధమైన నాంది. అమెరికాలోని వృత్తిక్రీడా సంఘము చిరకాలము దీనిని నిషేధించి 2001లో గాని అనుమతింపలేదు.

లెక్క చూడుడు. నేటి అంతర్జాతీయ క్రీడాస్థలము 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గలది. అందు సగము 210 చదరపు మీటర్లు. ఐదుగురికి పంచినచో తలకు 42 చదరపు మీటర్లు వచ్చును. మనిషి కంటె బంతి వేగముగా పోవును గదా! అంత చోటును ఒక్కడు కాయజాలడు. కావున బంతి చేయి మారినప్పుడెల్ల ఐదుగురును కదలవలెను. బంతి గలవానిని ఒకడు నిలువరించును. వాని చెంతనున్న ప్రత్యర్థులకు బంతి అందకుండ ఇరువురు అడ్డుపడుదురు. దూరమున నున్నవారు బుట్ట వైపు జరిగి, ముందున్నవాడు తప్పినచో సాయమునకు సిద్ధముగా నుందురు. సాయమునకు పోయినవాని చోటును మరియొకడు పూరింపవలెను.

ఈ భావము మనకు క్రొత్తది కాదు. చెడుగుడులో కూతకు వచ్చినవానిపై ఒంటరిగా ఉరికినవాడు చెడును. గొలుసు కట్టి కలసి మూసినవారు గెలుతురు. పద్మవ్యూహ కథయు నిదియే చెప్పును. అభిమన్యుడు చొచ్చిన ద్వారమును సైంధవుడు మూసి పాండవులను లోనికి రానీయలేదు. ఆ యుద్ధమున ధర్మము తప్పినది నిజమే. కాని సాయమందు దారిని మూయుటలో గల శక్తిని అంతకంటె స్పష్టముగా చూపు కథ లేదు. మరియొక విశేషము: 1936 బెర్లిను ఒలింపిక్సులో బాస్కెట్‌బాల్ తొలిసారి పోటీక్రీడగా చేరగా, ఆ సందర్భముననే మహారాష్ట్రలోని అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు కబడ్డీని ప్రదర్శించిరి.

బోధనకు క్రమము కలదు. మొదట నలుగురిపై నలుగురిని నిలిపి, బుట్టలో వేయనీయక, బంతిని మెల్లగా చేతులు మార్పింపవలెను. బంతి గాలిలో నుండగనే రక్షకులందరు తమ క్రొత్త చోట్లకు చేరవలెను. ఇది అలవడిన పిదప చొచ్చుకొని పోవుటను, ఆ తరువాత నిజమైన ఆటను అనుమతింపవలెను. బంతిని తన్నుకొనిపోవు చురుకైన బాలునికంటె, వెనుకనుండి పరికించుచు తోడివానిని హెచ్చరించు బాలుడే ఈ విద్యకు ప్రాణము.

అచ్చటనే నాకు చింత కలిగినది. రక్షణము మాటపై నడచును. వెనుకనున్నవాడు పలుకనిచో ముందున్నవాడు గ్రుడ్డివాడే. మా పిల్లలు ఇంట తెలుగువారైనను ఆటలో తెలుగు మాట తోచక, ఏ భాషలో పిలువవలెనో తెలియక, క్షణమాగిపోవుదురు. ఆ క్షణములో బంతి బుట్టలో పడును. అందుచే ‘నేనున్నా’, ‘ఎడమ’, ‘మూయి’ అను మూడు చిన్న మాటలను నేర్పితిని. నెలలోపల వారి కంఠములు ఆటస్థలమున వినబడజొచ్చెను.

రాష్ట్రమున 2006 నాటి తమిళ అభ్యసన చట్టము వచ్చిన పిమ్మట తెలుగు బోధనకు చోటు ఇరుకైనది. తమిళము నేర్చుట ఇక్కడి వారికి అవసరమే; అందు వివాదము లేదు. కాని పుస్తకమునకే పరిమితమైన భాష నిలువదు. పిల్లలు తొందరలో, ఆపదలో, అప్రయత్నముగా పలికినదే నిలుచును. మన భాషకు సమష్టి రక్షణము కావలెనన్నచో, ముందుగా దానిని ఆటస్థలమునకు కొనిపోవలెనని నా మనవి.