తెలుగు వజీరు: ఖాన్-ఎ-జహాన్ మక్బూల్, ఆయన వంశం

క్రీ.శ. 1323లో ఉలుగ్ ఖాన్ సేనలు దేవగిరి నుండి బయలుదేరి బీదరు, బోధన్ కోటలను పట్టుకొని ఓరుగల్లు మీదికి సాగినాయి. బీదరు నుండి ఓరుగల్లుకు తిన్నగా ఒక గీత గీస్తే మెదకు పట్టణం దాదాపు దాని మీదనే పడుతుంది. ఇక్కడి కొండమీది కోటను కాకతీయుల నాటిదిగా చెప్పుకుంటారు. అందుచేత ఓరుగల్లు పతనమంటే ఈ ప్రాంతంవారికి ప్రతాపరుద్రుని కథే గుర్తుకు వస్తుంది. ఆ పతనం నుండే ఒక తెలుగు కుటుంబం ఢిల్లీ సల్తనతులో సుల్తాను తరువాతి స్థానానికి ఎదిగి, అరవై ఏళ్ళ తరువాత నేలకూలిన సంగతి మాత్రం తెలిసినవారు తక్కువ.

ఆ కుటుంబానికి మూలపురుషుడు ఖాన్-ఎ-జహాన్ మక్బూల్ తిలంగానీ. ఫిరోజ్ షా తుగ్లక్ కాలపు చరిత్రను వ్రాసిన షమ్స్ సిరాజ్ అఫీఫ్ ఆయనను గురించి చాలా వివరంగా చెప్పినాడు. ఆయన తెలంగ దేశంవాడు, అక్కడి రాయలవద్ద గౌరవం గలవాడు. బందీగా ఢిల్లీకి పయనమైన రాయలు దారిలోనే మరణించగా, ఇతడు సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఎదుట కలిమా చదివి ఇస్లాం స్వీకరించినాడు. సుల్తాను ఆయనకు మక్బూల్ అని పేరు పెట్టినాడు. అంగీకరింపబడినవాడు అని దాని అర్థం. పూర్వనామం కొన్ని ప్రతులలో 'కన్నూ' అనీ, కొన్నింటిలో 'కట్టూ' అనీ కనిపిస్తుంది. ఫారసీ లిపిలో ఒక నుక్తా అటూ ఇటూ అయితే వచ్చే తేడా ఇది. దానిని 'గన్న' అని చదివి, మారన కవి మార్కండేయ పురాణాన్ని అంకితం పుచ్చుకున్న ప్రతాపరుద్రుని సేనాని నాగయ గన్నయే ఇతడని పలువురు తెలుగు చరిత్రకారులు నిర్ణయించినారు. శాసనం సాక్ష్యంగా నిలిచిన నిర్ణయం కాదిది. అయినా పేరూ, కాలమూ, హోదా మూడూ కలుస్తున్నందున త్రోసివేయదగినదీ కాదు.

ఈ మనిషి విడిచివచ్చిన అధికారం ఎటువంటిదో ముందు గ్రహించాలి. కాకతీయుల చివరి కాలంలో నాయకునికి రాజు గ్రామాలను నాయంకరంగా ఇచ్చేవాడు. నాయకుడు ఆ ఆదాయంతో సైన్యాన్ని పోషించేవాడు. ఇచ్చినది రాజే అయినా, బంధుబలగంతో, చెరువులు త్రవ్వించి, గుడులకు దానాలు చేసి నాయకుడు ఆ నేలలో వేళ్ళూనుకొనేవాడు. రాజు పోయినా వేరు మిగిలేది. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు తిరగబడినప్పుడు ఇది రుజువైంది. అప్పుడు ఓరుగల్లులో సుల్తాను పక్షాన వున్నది మక్బూలే. ఆయన ఢిల్లీకి తప్పించుకొని పోయినాడని బరనీ వ్రాసినాడు. పుట్టిన దేశంలోనే ఆయనకు నిలువ నీడ లేకపోయింది. సాటి నాయకుల కూటమి కాపయకు దొరికింది, ఆయనకు దొరకలేదు. అది మతం మార్చుకున్నందువల్లనేనని కొందరు తేల్చివేస్తారు గాని, నేలను వదిలి కొలువును నమ్ముకోవడం అంతకు తక్కువ కారణమేమీ కాదు.

ఢిల్లీలో పెద్దలకు లభించేది ఇక్తా. ఒక ప్రాంతపు శిస్తును వసూలు చేసుకొని, సైన్యాన్ని పోషించి, మిగులును దివానుకు జమ చేయాలి. నేల సుల్తానుది. ఇక్తాదారును ఎప్పుడైనా తీసివేయవచ్చు, వేరొకచోటికి మార్చవచ్చు. మక్బూలుకు ముల్తాను అట్లాగే వచ్చింది, అట్లాగే పోయింది. ఆయన చదువను వ్రాయను రానివాడనీ, అయినా అసాధారణమైన తెలివి గలవాడనీ అఫీఫ్ అంటాడు. లెక్కలే ప్రాణంగా గల వజారతు దివానును అక్షరజ్ఞానం లేనివాడు ఏళ్ళ తరబడి నడిపినాడంటే ఆ తెలివి ఎటువంటిదో ఊహించుకోవచ్చు.

1351లో సింధు తీరాన ముహమ్మద్ బిన్ తుగ్లక్ మరణించగా, ఢిల్లీలో వజీరు ఖ్వాజా జహాన్ ఒక బాలుని గద్దెపై కూర్చోబెట్టినాడు. నాయబ్ వజీరుగా వున్న మక్బూల్ నగరం విడిచి వెళ్ళి ఫిరోజ్ షాను కలుసుకున్నాడు. ఆ ఒక్క నిర్ణయంతో వజారతు ఆయన పరమైంది. ఫిరోజ్ దండయాత్రలకు పోయినప్పుడల్లా రాజధాని ఆయన చేతిలోనే వుండేది. థట్టా దండయాత్రలో సైన్యం కచ్ ఉప్పునేలలో దారితప్పి, ఆరు మాసాలపాటు సుల్తాను క్షేమవార్త ఢిల్లీకి అందలేదు. జనంలో కలవరం పెరిగింది. మక్బూల్ సుల్తాను క్షేమంగా వున్నట్లు తానే ఒక లేఖను కల్పించి ప్రకటించి, నగరంలో సంబరాలు జరిపించినాడట. కల్పన కల్పనే. అయినా ఊరిలో కల్లోలం రేగలేదు, గద్దె జోలికి ఎవ్వరూ పోలేదు. ఢిల్లీకి నిజమైన పాదుషా ఖాన్-ఎ-జహానేనని ఫిరోజ్ అనేవాడని అఫీఫ్ చెప్పడంలో వింతేమీ లేదు.

సేనా పరివారాల ఖర్చు గాక, ఆయన స్వంతానికే ఏటా 13 లక్షల టంకాలు, లేదా దానికి సరిపడే ఇక్తాలు వుండేవి. పుట్టిన ప్రతి కుమారునికి 11,000 టంకాల భత్యం వేరు. అయినా హద్దులుండేవి. లెక్కల తనిఖీ అధికారి ఐనుల్ ముల్క్‌తో వజీరుకు పడకపోయినప్పుడు, సుల్తాను అతనిని దివాను నుండి తప్పించి ముల్తాను ప్రాంతపు ఇక్తాలిచ్చినాడు. తన లెక్కలను వజీరుకు గాక నేరుగా సుల్తానుకే చూపుతానని అతడు షరతు పెట్టగా, సుల్తాను ఒప్పుకున్నాడు. వజీరు ఎంత గొప్పవాడైనా, ఇక్తాల తాళపుచెవి ఎవరి చేతిలో వున్నదో ఈ ఉదంతమే చెబుతుంది.

సరిగా ఆ కాలంలోనే, 1356లో, జర్మనీలో నాల్గవ చార్లెస్ చక్రవర్తి 'బంగారు ముద్ర శాసనం' వెలువరించినాడు. చక్రవర్తిని ఎన్నుకొనే రాకుమారుల రాజ్యభూములు విభజింపరానివనీ, జ్యేష్ఠపుత్రునికే చెందవలెననీ అందులో వున్నది. అక్కడ ప్రభువంశాలు నేలను శాశ్వతం చేసుకొని చక్రవర్తి బలాన్ని తగ్గించినాయి. ఫిరోజ్ షా కూడా వారసత్వాన్ని మన్నించినవాడే. సైనికుడు మరణిస్తే అతని జీతపు గ్రామం కొడుకుకు పోయేటట్లు చేసినాడు. 1368-69లో (హిజ్రీ 770) మక్బూల్ మరణించగా, ఆయన కుమారుడు జౌనా షాకు వజారతునూ ఖాన్-ఎ-జహాన్ బిరుదునూ ఇచ్చినాడు. అయితే కొడుకుకు సంక్రమించినది పదవి, దేశం కాదు.

జౌనా షా ముల్తానులో పుట్టినవాడు. తండ్రికి హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా (రహ్మతుల్లాహి అలైహి) దర్గాకు సమీపంలో సమాధి కట్టించినాడు. ఢిల్లీలోని తొలి అష్టకోణ సమాధులలో అది ఒకటి. తరువాతి సయ్యదు, లోదీ సుల్తానుల సమాధులకు ఆ రూపమే ఒరవడి. జౌనా షా కట్టించిన మస్జిదులు ఏడని ప్రతీతి. 1379లో ముల్లా దావూద్ అవధీ భాషలో వ్రాసిన చాందాయన్ కావ్యంలో స్తుతి పొందిన వజీరు ఇతడే. గన్నయ గుర్తింపు నిజమైతే, తండ్రి పేరు తెలుగు పురాణంలోనూ కుమారుని పేరు హిందవీ ప్రేమకావ్యంలోనూ నిలిచినట్లయింది. ఒకే ఇంట రెండు తరాలలో రెండు భాషల కవులను ఆదరించిన వంశాలు ఆనాడు ఎన్నో వుండవు.

1387లో (హిజ్రీ 789) షాజాదా ముహమ్మద్ ఖాన్ కుట్ర పన్నుతున్నాడని జౌనా షా వృద్ధ సుల్తానుకు చెప్పినాడు. షాజాదా అంతఃపుర స్త్రీల పల్లకీలో మరుగుపడి తండ్రిని చేరుకొని, కుట్ర చేస్తున్నది వజీరేనని నమ్మించినాడు. వజీరు భవనంపై దాడి జరిగింది. గాయపడిన జౌనా షా పారిపోయినాడు. పోవడానికి ముల్తాను లేదు, తెలంగాణం అంతకన్నా లేదు. తన బలగం వుండే కోట ఒక్కటైనా లేక, మేవాత్‌లో కోకా చౌహాన్ అనే స్థానిక నాయకుని శరణు వేడినాడు. తాతల నాటి నేలమీద నిలిచిన ఆ నాయకుడు కొన్నాళ్ళు ఆశ్రయమిచ్చి, షాజాదా సేన రాగానే అతనిని పట్టి అప్పగించినాడు. జౌనా షా తల ఢిల్లీకి చేరింది.

తుర్కుమాన్ దర్వాజా సమీపంలో ఆయన కట్టించిన కలాన్ మస్జిద్ శిలాఫలకం మీద, ఖాన్-ఎ-జహాన్ కుమారుడైన ఖాన్-ఎ-జహాన్ నిర్మించినట్లుగా వున్నది. దానిమీది సంవత్సరమూ హిజ్రీ 789యే.