పందెపు రమ్మీ: గెలుపోటముల లెక్క

పందెపు రమ్మీ అంటే పాయింటుకు ఇంతని సొమ్ము కట్టి ఆడే పదమూడు ముక్కల పేకాట. తెలుగు జిల్లాల్లో పేకాట అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఇదే. ఇరవై ఒక్క ముక్కల రమ్మీ, మూడు ముక్కలాట, లోపల-బయట కూడా వాడుకలో ఉన్నాయి కానీ, కోర్టుల్లోనూ శాసనసభల్లోనూ ఎక్కువగా నలిగింది రమ్మీయే. పోకర్ ఇక్కడికి ఆలస్యంగా, ప్రధానంగా ఫోన్ల ద్వారా వచ్చింది.

పేక ముక్కలు మన నేలకు మరీ పాతవి కావు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైల యాత్రికుల వినోదాలను విస్తారంగా వర్ణించాడు. అయితే ఆ కాలానికి మన దేశంలో పేకల జాడ లేదు. గంజీఫా అనే పాతకాలపు పేక ముక్కల ప్రస్తావన బాబరు ఆత్మకథలో 1527 నాటి సంగతుల్లో కనిపిస్తుంది. తర్వాతి కాలంలో నిర్మల్ చిత్రకారులు కూడా వాటిని తయారుచేశారు. ఈనాటి 52 ముక్కల పేక యూరోపియన్ల ద్వారా వచ్చింది. కాబట్టి ప్రాచీన కావ్యాల్లోని జూదాన్ని పేకాటకు మూలంగా చూపడం సరికాదు. అక్కడ ఉన్నవి పాచికలు, పందెపు కోళ్లు.

సికింద్రాబాద్ కేసు

ఈ ఆటకు దేశవ్యాప్తంగా చట్టపరమైన ఆధారం తెలుగు నేల నుంచే దొరికింది. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై 1963లో పోలీసులు దాడి చేశారు. డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారంటూ నిజాం కాలపు హైదరాబాద్ జూద చట్టం (1305 ఫసలీ, అంటే సుమారు 1895) కింద కేసు పెట్టారు. మేజిస్ట్రేటు శిక్ష వేశారు, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఈ తీర్పును చాలా పుస్తకాలు 1968 నాటిదని రాస్తాయి. అది లా రిపోర్టుల్లో అచ్చయిన సంవత్సరం. తీర్పు వెలువడింది 1967 నవంబరులో కాబట్టి 1967 అనడమే మేలు.

తీర్పు రాసిన జస్టిస్ హిదాయతుల్లా రమ్మీని మూడు ముక్కలాటతో పోల్చి, రెండూ ఒకటి కావన్నారు. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది పట్టాలో ఏది పారేయాలో తెలియాలి, కనుక ఇది ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని తేల్చారు. ఆ తర్వాత అరవై ఏళ్లుగా రమ్మీ వ్యాపారులందరూ చూపిస్తున్నది ఈ ఒక్క వాక్యాన్నే. దాని వెనువెంటనే ఉన్న హెచ్చరికను మాత్రం అరుదుగా తలుస్తారు. ఇల్లు గానీ క్లబ్బు గానీ ఆట మీద లాభం తీస్తున్నట్టు రుజువైతే నేరం కిందికి రావచ్చని అదే తీర్పు చెప్పింది. క్రెసెంట్ క్లబ్బు వసూలు చేసిన రుసుము, బిలియర్డ్స్, టెన్నిస్ ఆడేవారి నుంచి తీసుకునే రుసుము లాంటిదేనని, విపరీతం కాదని కోర్టు భావించింది. గెలుపోటముల చర్చలో అసలు ప్రశ్న ఈ రుసుమే.

సొమ్ము ఎటు పోతుంది

నలుగురు మిత్రులు ఇంట్లో ఆడుకుంటే ఒకరు పోగొట్టుకున్నదే మరొకరికి చేరుతుంది, మొత్తం తగ్గదు. బల్ల నడిపేవాడు ప్రతి ఆటలో కమీషన్ తీస్తే లెక్క మారిపోతుంది. ఉదాహరణకు ఆరుగురు తలా అయిదు వేలతో కూర్చున్నారనుకుందాం. పాయింటు పది రూపాయలు. ఒకరు ముక్కలు కుదిర్చి షో చేసేసరికి మిగతా అయిదుగురి చేతుల్లో కలిపి 150 పాయింట్లున్నాయి. అంటే గెలుపు 1,500, అందులో పదోవంతు కమీషన్ 150. గంటకు పది డీళ్ల చొప్పున ఆరు గంటల్లో 9,000 బల్ల దిగిపోతుంది. తెచ్చిన 30,000లో దాదాపు మూడోవంతు ఎవరి గెలుపులోనూ కనపడదు. ఆరుగురూ సమాన నేర్పరులైతే ఆరుగురూ ఓడినట్టే.

మరి నేర్పు ఎక్కడ పనికొస్తుంది? ఎక్కువగా, ఆడని ఆటల్లో. ముక్కలు బాగోకపోతే మొదట్లోనే డ్రాప్ చెప్పినవాడికి 20 పాయింట్లే పోతాయి. మధ్యలో దిగితే 40, ఫుల్ కౌంట్ పడితే 80. ఆసు, రాజు, రాణి, జాకీలను జోకరు ఆశతో పట్టుకు కూర్చునేవాడు ఆ తేడాను రాత్రంతా చెల్లిస్తూ ఉంటాడు. నిలకడగా గెలిచేవారి రాబడిలో పెద్ద భాగం ఇలాంటివారి నుంచే వస్తుంది.

పోకర్‌పై జరిగిన పరిశోధనలూ ఇటే మొగ్గుతున్నాయి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో కైల్ సైలర్ సుమారు 2.7 కోట్ల ఆన్‌లైన్ ఆటలను పరిశీలించి, ముఖ్యంగా చిన్న పందాల్లో, ఎక్కువ ఆటలు గెలిచినవారే ఎక్కువ సొమ్ము పోగొట్టుకుంటున్నారని గమనించారు. చిన్న గెలుపులు ఎన్నో వస్తాయి, ఒక్క పెద్ద ఓటమి వాటన్నిటినీ తుడిచేస్తుంది. 2015లో వెలువడిన ఒక డచ్ అధ్యయనం ప్రకారం సుమారు 1,500 ఆటలు దాటాక అదృష్టం కన్నా నేర్పు పైచేయి అవుతుంది. లెవిట్, మైల్స్ అనే పరిశోధకులు 2010 ప్రపంచ పోకర్ సిరీస్ లెక్కల్లో నేర్పరులకు 30 శాతానికి పైగా లాభం, మిగతావారికి సగటున 15 శాతం నష్టం చూపారు. అయితే అవి టోర్నమెంట్ల లెక్కలు. క్యాష్ గేములకు యథాతథంగా అన్వయించకూడదు.

అతి పెద్ద పందాల్లో ఓడేది ధనికుడే అనే మాటకు టెక్సాస్ బ్యాంకరు ఆండీ బీల్‌ను ఉదాహరణగా చెబుతారు. 2006 ఫిబ్రవరిలో లాస్ వేగాస్‌లో వృత్తి పోకర్ ఆటగాడు ఫిల్ ఐవీ ఆయన నుంచి సుమారు 1.6 కోట్ల డాలర్లు గెలిచాడు. అంతకుముందు కొన్ని విడతల్లో బీల్ కూడా గెలిచాడన్నది తరచూ మరుగున పడుతుంది. మన దగ్గర ఓడేవారు బ్యాంకర్లు కారు. పట్టుబడినప్పుడు పత్రికల్లో వచ్చేది నగదు, ఫోన్లు, బైకుల లెక్క మాత్రమే.

నిషేధాలు

ఉమ్మడి రాష్ట్రపు 1974 గేమింగ్ చట్టం నైపుణ్యపు ఆటలను మినహాయించింది. తెలంగాణ 2017లో ఆర్డినెన్సులతో రమ్మీకి ఆ రక్షణ తీసేసి, ఆన్‌లైన్ ఆటనూ నిషేధించింది. కొందరు దీనికి తర్వాత వచ్చిన సవరణ చట్టం తేదీ ఇస్తారు. ఆట నిజంగా ఆగిన కాలం కావాలంటే జూన్‌లో వచ్చిన మొదటి ఆర్డినెన్సునే తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఇదే దారి పట్టింది. పోకర్ విషయంలో కోర్టులు ఏకాభిప్రాయానికి రాలేదు. గుజరాత్ హైకోర్టు 2017లో దాన్ని జూదమంది, అలహాబాద్ హైకోర్టు 2024లో నైపుణ్యపు ఆట అంది.

నిషేధం లేని రాష్ట్రాల్లో ఆటగాడి వాటా పన్నులతో మరింత తగ్గింది. 2023 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్ నికర గెలుపుపై 30 శాతం టీడీఎస్, అదే ఏడాది అక్టోబరు నుంచి వేసిన డిపాజిట్‌పైనే 28 శాతం జీఎస్టీ వచ్చాయి. ఇంత కోత తర్వాత కూడా లాభంలో నిలవగలిగినవారు బహు కొద్దిమంది.

చివరకు 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, నేర్పా అదృష్టమా అన్న వాదనను పక్కనపెట్టి, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఏటా 45 కోట్ల మంది దాదాపు 20,000 కోట్లు పోగొట్టుకుంటున్నారని కేంద్రం అప్పట్లో చెప్పింది. ఇది ప్రభుత్వ అంచనా, మనుషుల సంఖ్య ఎక్కువగా చూపారేమో అనిపిస్తుంది. ఈ చట్టంలో ఆడినవారికి శిక్ష లేదు. ఆట నడిపినవారికి మూడేళ్ల వరకు జైలు లేదా కోటి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి.