సర్ఫింగ్ యాత్రికుల బస: బాలి ద్వీపంలోని కూటా గ్రామ చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సముద్రపు అలలపై పలకతో స్వారీ చేసే సర్ఫింగ్ క్రీడ కోసం విదేశాలకు వెళ్లే యాత్రికులు బసను ఎలా ఎంచుకున్నారు, దాని గుణదోషాలను ఎలా నమోదు చేశారు అన్న విషయాన్ని ఇండోనేషియాలోని కూటా గ్రామం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బస గురించిన అభిప్రాయం వ్యక్తిగత రుచిగా కనిపించినా, పర్యాటక ఆదాయం ఎవరి చేతికి చేరాలన్నది నిర్ణయించడంలో దానికి పాత్ర ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సర్ఫింగ్, బాలి, కూటా, లోస్మెన్, సర్ఫ్ క్యాంప్, పర్యాటక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

యాత్రారచనల్లో బస ప్రస్తావన సాధారణంగా ఒకటి రెండు వాక్యాలకు మించదు. చరిత్ర రచనకు ఆ వాక్యాలే విలువైన ఆధారాలు. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చేసిన కాశీయాత్రలో మజిలీ మజిలీకి నీటి వసతి, అంగళ్లు, సత్రాలు ఎలా ఉన్నాయో రాసిపెట్టారు. ఆ వివరాలు నాటి బాటసారికి మార్గదర్శకాలైతే, నేటి పరిశోధకుడికి ఆనాటి రహదారుల ఆర్థిక జీవనాన్ని తెలిపే సాక్ష్యాలు. ఇరవయ్యో శతాబ్దపు సర్ఫింగ్ యాత్రికులు తమ బసల గురించి రాసిన మాటలను కూడా ఇదే దృష్టితో చదవవచ్చు. అందుకు కూటా అనువైన ఉదాహరణ. ఒకే తీరంలో హోటల్, గ్రామీణ గృహవసతి, ప్రభుత్వ ప్రణాళిక అనే మూడు పద్ధతులు అక్కడ ఎదురెదురు పడ్డాయి.

2. సర్ఫర్ దృష్టిలో మంచి బస

సాధారణ పర్యాటకుడు గది కిటికీ నుంచి సముద్రం కనిపిస్తే సంతృప్తి పడతాడు. సర్ఫర్‌కు కావలసింది దృశ్యం కాదు, అల. అల నాణ్యత గాలి దిశపై, ఆటుపోట్లపై, సముద్రగర్భపు ఆకృతిపై ఆధారపడి ఉంటుంది. బాలిలో సుమారు ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకు సాగే పొడి రుతువులో ఆగ్నేయపు గాలులు పడమటి తీరంలో నేల వైపు నుంచి సముద్రం వైపు వీస్తాయి. ఎదురుగాలి తగిలిన అల చెదరకుండా నిలువుగా లేస్తుంది. కూటా, ఉలువాటు తీరాలకు ఆ నెలల్లో సర్ఫర్లు చేరడానికి కారణం ఇదే.

దీనివల్ల బస ఎంపికకు ప్రత్యేకమైన ప్రమాణాలు ఏర్పడ్డాయి. మంచి అల ఎప్పుడు వస్తుందో ముందుగా తెలియదు కనుక వారాల తరబడి వేచి ఉండాలి. అందుకు అద్దె తక్కువగా ఉండాలి. నిలువెత్తు పలకను భద్రపరచడానికి చోటు ఉండాలి. తెల్లవారకముందే బయలుదేరడానికి, ఉప్పునీటితో, ఇసుకతో తిరిగి రావడానికి ఇంటివారు అభ్యంతరం చెప్పకూడదు. విలాసవంతమైన హోటల్ ఈ ప్రమాణాల్లో చాలావాటికి సరిపోదు. సర్ఫర్ల అభిరుచిని పేదరికంగానో దేశదిమ్మరితనంగానో మాత్రమే చూడడం అసంపూర్ణ దృష్టి. వారి క్రీడే అటువంటి బసను కోరుకుంది.

3. తొలి హోటల్: 1936–1942

డచ్ వలసపాలనలో బాలికి వచ్చే సంపన్న యాత్రికులకు ప్రధాన విడిది, కె.పి.ఎం. నౌకాసంస్థ 1928లో డెన్‌పసార్‌లో ప్రారంభించిన బాలి హోటల్. అది తీరానికి దూరంగా, పట్టణం నడుమ ఉండేది. 1936లో అమెరికా నుంచి వచ్చిన రాబర్ట్ కోక్, లూయీజ్ గారెట్‌లు కూటా ఇసుకతీరంలో గడ్డి కప్పులతో విడివిడి కుటీరాలు కట్టి కూటా బీచ్ హోటల్‌ను నెలకొల్పారు. హవాయిలో సర్ఫింగ్ నేర్చుకున్న కోక్ ఆ క్రీడను బాలికి పరిచయం చేసిన వ్యక్తిగా గుర్తింపు పొందాడు. బాలిలో సర్ఫింగ్ ఒక బస ద్వారానే ప్రవేశించిందన్న విషయం ఇక్కడ గమనార్హం.

ఈ హోటల్ చరిత్రకు రెండు స్మృతిగ్రంథాలు ఆధారాలు: కె'టుట్ తంత్రి 1960లో ప్రచురించిన 'రివోల్ట్ ఇన్ ప్యారడైజ్', లూయీజ్ కోక్ 1987లో వెలువరించిన 'అవర్ హోటల్ ఇన్ బాలి'. కూటాలో హోటల్ స్థాపన విషయంలో ఎవరి పాత్ర ఎంత అన్నదానిపై ఇవి ఏకీభవించవు. రెండూ యాజమాన్యపు కథనాలే. గదులు ఊడ్చిన, వంట వండిన బాలి స్త్రీపురుషుల మాట వాటిలో యజమానుల నోటనే వినిపిస్తుంది. తరువాతి కాలపు బస సమీక్షలన్నింటిలోనూ ఈ లోపం కొనసాగింది. 1942 జపాన్ దండయాత్రతో ఈ అధ్యాయం ముగిసింది.

4. ప్రణాళికలో లేని గ్రామం

స్వతంత్ర ఇండోనేషియా పర్యాటకాన్ని పెద్ద హోటళ్ల రూపంలో ఊహించింది. జపాన్ చెల్లించిన యుద్ధ పరిహారంతో సానూర్ తీరంలో నిర్మించిన పది అంతస్తుల బాలి బీచ్ హోటల్ 1966లో ప్రారంభమైంది. 1969లో కూటాకు సమీపంలోని విమానాశ్రయం అంతర్జాతీయ జెట్ విమానాలకు సిద్ధమైంది. 1971లో ఫ్రెంచ్ సలహాసంస్థ స్కేటో ప్రపంచబ్యాంకు తోడ్పాటుతో రూపొందించిన ప్రణాళిక, వ్యవసాయానికి అంతగా పనికిరాని నూసాదువాలో విలాస హోటళ్లను కేంద్రీకరించాలని సూచించింది. పర్యాటకుల రాకడ వల్ల స్థానిక సంస్కృతికి కలిగే ఒత్తిడిని తగ్గించడం దాని ప్రకటిత లక్ష్యం. వారు గ్రామాల్లో బస చేయరు. పగలు వచ్చి చూసి, సాయంత్రానికి హోటల్‌కు తిరిగివెళ్తారు.

అదే సంవత్సరంలో ఆస్ట్రేలియాకు చెందిన ఆల్బర్ట్ ఫాల్జన్ ఉలువాటు కొండచరియ కింది అలలపై రస్టీ మిల్లర్, స్టీవ్ కూనీల సర్ఫింగ్‌ను చిత్రీకరించాడు. 1972లో 'మార్నింగ్ ఆఫ్ ది ఎర్త్' విడుదలైన తరువాత బాలికి వచ్చే సర్ఫర్ల సంఖ్య పెరిగింది. ఉలువాటు వద్ద బస లేదు. యాత్రికులు కూటాలో ఉండి అక్కడికి వెళ్లివచ్చేవారు. ప్రణాళిక నూసాదువాను చూపింది. అలలు కూటాను చూపాయి.

5. లోస్మెన్: ఇల్లే బస

'లోస్మెన్' అన్న ఇండోనేషియా మాట ఫ్రెంచ్ 'లోజ్‌మాన్' నుంచి డచ్ మీదుగా వచ్చింది. చౌక వసతిగృహమని అర్థం. కూటాలో అది అక్షరాలా గృహమే. బాలి సంప్రదాయ గృహం ప్రహరీ లోపల విడివిడి కట్టడాలతో, ఒక మూల కుటుంబ దేవాలయంతో ఉంటుంది. ఆ ఆవరణలోనే వరండాతో కూడిన నాలుగైదు గదుల వరుస కట్టి అద్దెకు ఇచ్చేవారు. స్నానానికి తొట్టి, చెంబు. ఉదయం టీ, అరటిపండు. గడప ముందు ఇంటి ఆడవారు ఉంచే పూల నైవేద్యాన్ని దాటుకుని అతిథి తన పలకతో బయటికి నడిచేవాడు.

ఈ రూపానికి ఆర్థిక కారణాలు ఉన్నాయి. తీరపు ఇసుకనేల వరి పండే లోపలి భూములంత విలువైనది కాదు. మత్స్యకారుల, కొబ్బరితోటల గ్రామానికి గదుల వరుస అందుబాటులో ఉన్న పెట్టుబడి. 1960 నాటి వ్యవసాయ భూచట్టం విదేశీయులకు భూమిపై పూర్తి యాజమాన్యాన్ని నిరాకరించింది. అందువల్ల తొలి దశలో అద్దె డబ్బు ఎక్కువగా గ్రామకుటుంబాలకే చేరింది. సంస్కృతిని కాపాడటానికి అతిథిని దూరంగా ఉంచాలని ప్రణాళిక భావిస్తే, గ్రామం అతిథిని ఇంట్లోకి రానిచ్చి ఆదాయాన్ని నిలుపుకుంది. అయితే ఈ విజయమే భూమి ధరను పెంచింది. ధర పెరిగిన తరువాత బయటి పెట్టుబడి ప్రవేశించింది. పెద్ద హోటళ్ల నడుమ లోస్మెన్‌లు సందుల్లోకి జరిగాయి.

6. రాయడమా, దాచడమా?

టోనీ వీలర్, మోరీన్ వీలర్ దంపతులు 1973లో 'అక్రాస్ ఏషియా ఆన్ ది చీప్', 1975లో 'సౌత్ ఈస్ట్ ఏషియా ఆన్ ఎ షూస్ట్రింగ్' ప్రచురించారు. శుభ్రత, ధర, ఇంటివారి ఆదరణ అన్న మూడు అంశాలతో చౌక బసను బేరీజు వేసే పద్ధతి ఇటువంటి మార్గదర్శినుల ద్వారా స్థిరపడింది.

సర్ఫింగ్ పత్రికల ఆచారం దీనికి భిన్నం. కొత్త అల ఛాయాచిత్రాన్ని అచ్చువేసి, స్థలం పేరును దాచడం వాటిలో పరిపాటి. పేరు తెలిస్తే జనం పెరుగుతారు. ఒక అలపై ఒక్కరే స్వారీ చేయగలరు కనుక పోటీ పెరుగుతుంది. బస సమీక్ష ఈ రహస్యాన్ని భంగపరుస్తుంది. ఊరి పేరు చెప్పకుండా ఇంటిని మెచ్చుకోవడం సాధ్యం కాదు. పైగా సర్ఫర్‌కు నష్టం కలిగించే ప్రచారమే లోస్మెన్ కుటుంబానికి జీవనాధారం. రహస్యాన్ని కాపాడటం నైతికతగా భావించిన రచయితలు ఆ నైతికతకు ఖర్చు ఎవరు భరిస్తున్నారో తరచు గుర్తించలేదు.

మౌనానికి మరో వెల కూడా ఉంది. 1975లో సుమత్రా సమీపంలోని నియాస్ ద్వీపంలో లగుంద్రి అలను కనుగొన్న ఆస్ట్రేలియన్ సర్ఫర్లలో జాన్ గీసెల్ అక్కడ సోకిన మలేరియాతో బలహీనపడి, కొన్ని నెలల్లోనే మరణించాడు. దోమతెర ఉందా, మంచినీరు దొరుకుతుందా అన్న ఒక్క వాక్యం ప్రాణరక్షణకు సంబంధించిన సమాచారం.

7. క్యాంప్: అలతో కలిసిన బస

1970ల మధ్యలో జావా తూర్పు కొసన గ్రజగన్ అడవితీరంలో మైక్ బోయమ్ వెదురు నివాసాలతో నడిపిన శిబిరాన్ని తొలి సర్ఫ్ క్యాంపుల్లో ఒకటిగా పరిగణిస్తారు. ఊరు లేని చోట వెలసిన బస అది. పడక, భోజనం, పడవ అన్నీ ఒకే ధరలో కలిశాయి. అతిథుల సంఖ్యను పరిమితం చేయడంతో అల కూడా ఆ ధరలో భాగమైంది.

ఈ తర్కం పసిఫిక్‌లోని ఫిజీలో పరాకాష్ఠకు చేరింది. 1980లలో ఏర్పడిన తవరువా ద్వీపపు రిసార్ట్ సమీపంలోని అలలపై చాలాకాలం ప్రత్యేక హక్కు అనుభవించింది. 2010లో ఫిజీ ప్రభుత్వం శాసనం ద్వారా అటువంటి ప్రత్యేకాధికారాలను రద్దుచేసి అలలను అందరికీ తెరిచింది. ఆ హక్కుకు ప్రతిఫలం పొందుతూ వచ్చిన సంప్రదాయ హక్కుదారులైన స్థానికులకు ఇది నష్టమా, విముక్తా అన్న ప్రశ్న దానితోపాటే తలెత్తింది.

8. ముగింపు

1. సర్ఫర్ల బస ప్రమాణాలు క్రీడా స్వభావం నుంచి పుట్టాయి. అలకు సామీప్యం, దీర్ఘకాల నివాసం, తక్కువ అద్దె వాటిలో ముఖ్యమైనవి.

2. ఆ ప్రమాణాలు కూటాలో అధికారిక ప్రణాళికకు విరుద్ధమైన ఆర్థికవ్యవస్థను నిర్మించాయి. లోస్మెన్‌లో అతిథి చెల్లించిన డబ్బు ఇంటివారికి చేరింది. క్యాంపులో నిర్వాహకుడికి చేరింది.

3. బస సమీక్ష తటస్థ వర్ణన కాదు. అది జనాన్ని రప్పిస్తుంది, భూమి ధరను మారుస్తుంది, చివరకు తాను మెచ్చుకున్న నిశ్శబ్దాన్నే తొలగిస్తుంది.

4. ఈ సమీక్షల్లో అత్యధికం అతిథి భాషలో, అతిథి దృష్టితో వెలువడ్డాయి. అందులో ప్రశంసలు పొందిన "ఇంటివారి ఆదరణ" నిజానికి ఒక కుటుంబపు, ముఖ్యంగా ఆ ఇంటి స్త్రీల, నిత్యశ్రమ. కూటా గృహిణుల మౌఖిక చరిత్రను బాలి భాషలో సేకరించి ఈ రచనల పక్కన ఉంచినప్పుడే బస చరిత్రలో అతిథితోపాటు ఆతిథేయికి కూడా స్థానం దక్కుతుంది.