లోతు ఎవరి కొలత?

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కి (అక్కడ ఇప్పటికీ చాలామంది నోట హావ్‌లాకే) స్కూబా నేర్చుకుందామని వెళ్లి, నీళ్లకంటే ముందు కాగితాల్లో మునిగాను. ఆరోగ్య ప్రశ్నావళి, ప్రమాదానికి నాదే బాధ్యతని సంతకం చేసే పత్రం, బీమా పాలసీ. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కదా, ఏ కాగితం దొరికినా పాఠంలా చదవడం అలవాటు. చిన్నప్పటి ఉబ్బసం గురించి నిజం రాసినందుకు డాక్టర్ సంతకం కావాలన్నారు. ఆ డాక్టర్ నా ఊపిరి వినకముందే అడిగిన ప్రశ్న, "పెళ్లయిందా? ఇంట్లో ఒప్పుకున్నారా?"

పాలసీలో మాత్రం మొగమాటమేమీ లేదు. నేను పొందిన శిక్షణ స్థాయికి మించిన లోతుకి వెళితే పరిహారం రాదు. మొదటి మెట్టు ఓపెన్ వాటర్‌కి 18 మీటర్లు, అడ్వాన్స్‌డ్‌కి 30, ప్రత్యేక శిక్షణ పొందినా సరదాగా దిగేవాళ్లకి ఆఖరి గీత 40. అంటే 19వ మీటరు దగ్గర నాకేమన్నా అయితే ఆ శరీరం ఖర్చు నాదే! ఈ లెక్కల వెనక ఎవరి శరీరాలున్నాయో తెలుసుకోవాలనిపించింది.

మొదట కనిపించినవి మేకలు. లోతులో ఒత్తిడికి నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో కరుగుతుంది. గబగబా పైకొస్తే సోడాసీసా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. బ్రిటిష్ నౌకాదళం కోసం జె.ఎస్. హాల్డేన్ మేకల్ని ఒత్తిడి గదిలో పెట్టి చూశాడు. మేక ముందుకాలు ఎత్తి పట్టుకుందంటే కీళ్లు నొప్పెడుతున్నాయని అర్థం. తర్వాత నౌకాదళం మగవాళ్లు దిగారు. 1908లో పట్టికలు అచ్చయ్యాయి. 1950లలో అమెరికా నౌకాదళం తయారు చేసుకున్న పట్టికలు కూడా ఆరోగ్యవంతులైన సైనికుల మీద పరీక్షించినవే. సరదా కోసం దిగే ఆడా మగా దశాబ్దాలపాటు వాటినే నమ్ముకున్నారు. ఆ పరీక్షల్లో ఆడమేకలన్నా ఉన్నాయేమో గానీ ఆడవాళ్లు లేరు. మళ్లీ 1970లలో, ఒంట్లో కొవ్వు ఎక్కువ కాబట్టి స్త్రీలకే ఈ జబ్బు ఎక్కువొస్తుందన్న వాదన బయల్దేరింది. తర్వాతి అధ్యయనాల్లో అది గట్టిగా నిలబడలేదు.

అట్లా అని స్త్రీలు ఒడ్డున కూర్చోలేదు. 1954లో జేల్ ప్యారీ 209 అడుగులు దిగింది. లాస్ ఏంజెలెస్ కౌంటీ బోధకుల శిక్షణ మొదలుపెట్టిన మరుసటేడు, 1955లో, డాటీ ఫ్రేజియర్ అందులో బోధకురాలైంది. కార్డుల్ని ప్రపంచమంతా పంచిన పాడి సంస్థ పుట్టింది 1966లో. 1970లో వర్జిన్ దీవుల దగ్గర, సముద్రం అడుగున కట్టిన టెక్‌టైట్ నివాసంలో సిల్వియా ఎర్ల్ నాయకత్వంలో అయిదుగురు స్త్రీలు రెండువారాలు ఉండి పరిశోధన చేశారు. అందరూ స్త్రీలే ఎందుకంటే, మగవాళ్లతో కలిపి ఒక కప్పు కింద ఉంచడానికి పెద్దలకి మనసొప్పలేదు. పత్రికలు వాళ్లని శాస్త్రవేత్తలని రాయడానికి బదులు ముద్దుపేర్లు పెట్టాయి. ఎర్ల్ 1979లో లోహకవచంలో 381 మీటర్ల అడుగుకి దిగి నడిచింది.

ఇదంతా సిలిండరు చరిత్ర. కొరియాలోని జెజు ద్వీపంలో హెన్యో స్త్రీలు సిలిండరు లేకుండానే పది మీటర్ల దాకా దిగి నత్తగుల్లలు, శంఖుపురుగులు ఏరుతారు. దమ్ము నిమిషం దాకా పడతారు. పైకొచ్చాక ఈలలా వదిలే ఆ ఊపిరికి సుంబిసోరి అని పేరు. వాళ్లకీ మెట్లున్నాయి, హగున్, జుంగున్, సాంగున్ అని. కార్డులుండవు. తోటి ఆడవాళ్ల కళ్లముందే ఏళ్ల తరబడి సంపాదించుకునే స్థాయి అది. వీళ్ల దేహాల్ని శాస్త్రవేత్తలు 1960లలో బాగానే కొలిచారు, చలికి ఎట్లా తట్టుకుంటున్నారో చూడటానికి. ఆ కొలతలకంటే ముందు, 1932లో, జపాన్ పాలకుల చేతిలోని సంఘం తమ సరుకుకి సరైన ధర ఇవ్వకుండా దోచుకుంటోందని వీళ్లు వీధుల్లోకొచ్చి తిరగబడ్డారు. కిమ్ ఓక్-ర్యోన్, బు చున్-హ్వా, బు దోక్-ర్యాంగ్ జైలుకెళ్లారు. యునెస్కో గుర్తింపు 2016లో వచ్చింది.

వాళ్ల భాషలో ముల్‌సుమ్ అంటే నీటి ఊపిరి. ఇంకొక్క గుల్ల అని ఆశపడి, దమ్ము అయిపోయాక నీళ్లలోనే పీల్చే ఊపిరి. అది ప్రాణం తీస్తుంది. హద్దు మీటర్లలో ఉండదు, మనిషి మనిషికీ, రోజు రోజుకీ మారుతుంది. అన్నిటికంటే నన్ను పట్టుకున్నది హల్మాంగ్ బదాంగ్, అమ్మమ్మల సముద్రం. ఒడ్డుకి దగ్గరగా, లోతు తక్కువున్న చోటుని ముసలివాళ్లకని వదిలేస్తారు. ఒంట్లో బలమున్నవాళ్లు అక్కడ ఏరరు, లోతుకి పోతారు. వయసు పైబడ్డ స్త్రీకి బతుకుతెరువు కాగితం మీద రాసుకోకుండానే దక్కుతుంది.

తిరిగొచ్చి పాలసీ మళ్లీ చదివాను. మినహాయింపులే రెండు పేజీలున్నాయి.

మొదటిరోజు నేను సముద్రంలో దిగింది పన్నెండు మీటర్లే. ఎడమచెవి పోటెత్తింది. నా బోధకురాలు, ఇరవైమూడేళ్ల పిల్ల, అరచెయ్యి అడ్డంగా పెట్టి ఆగమంది. ఆగాను. చెవి వదిలేదాకా ఇద్దరం అక్కడే తేలుతూ ఉండిపోయాం.