ఆరు మిల్లీమీటర్ల దూరంలో

చెప్పులు బయటే విడవాలి. లోపలికి వెళ్లేముందు చేతి గడియారం తీసెయ్యమంటారు, ఉంగరం ఉంటే అదీ. మెరిసే లోహం లేజర్ బీమ్‌కు అడ్డం వస్తే ఆ వెలుగు ఎవరి కంట్లోకి మళ్లుతుందో చెప్పలేం. గచ్చిబౌలిలో బయట మే నెల ఎండ. తలుపు తీయగానే చలి మొహానికి కొడుతుంది. 22 డిగ్రీలు, పగలూ రాత్రీ అంతే. మనుషుల సుఖం కోసం కాదది. గది కాస్త వేడెక్కినా అద్దాల స్టాండ్లు వెంట్రుకవాసి సాగి, పొద్దున సరిచేసిన బీమ్ మధ్యాహ్నానికి పక్కకు జరిగిపోతుంది.

గది మధ్యలో కాళ్లలో గాలి నింపిన పెద్ద స్టీలు టేబుల్. దాని నిండా 25 మిల్లీమీటర్లకొక బోల్టు రంధ్రం. మూలన చిల్లర్ గుర్రుమంటోంది.

"గాగుల్స్ పెట్టుకోండి. ఏదైనా కింద పడినా బీమ్ వైపు తల వంచకండి" అంటుంది రీసెర్చ్ చేస్తున్న అమ్మాయి. పెట్టుకున్నాక, స్ఫటికానికి శక్తినిచ్చే ఆకుపచ్చ లేజర్ మీకు కనబడదు. అది తాకే టైటానియం సఫైర్ స్ఫటికం నుంచి బయటికొచ్చే 800 నానోమీటర్ల వెలుగైతే మామూలు కంటికే మసక ఎరుపు. దాన్ని చూసి బలహీనమనుకున్నవాళ్లు కళ్లు పోగొట్టుకుంటారు. చిన్న కార్డు అడ్డంపెట్టి, చుక్క వెలిగిన చోట బీమ్ ఉందని గుర్తుపట్టాలి.

"అక్కా, ఇంకా సీడబ్ల్యూలోనే ఉంది" అంటాడు కంప్యూటర్ ముందున్న జూనియర్. తెరమీది వర్ణపటంలో సన్నటి ఒంటి గీత. అంటే వెలుగు ఆగకుండా ధారగా వస్తోంది, ముక్కలు కావడంలేదు. కొత్త లేజర్లలో ఆ పని దానంతటదే జరిగిపోతుంది. ఇది పాతది. ఆమె వచ్చి, మొరాయించిన టీవీని చరిచినట్టు, ఒక అద్దం స్టాండ్‌ను వేలితో టక్కున కొడుతుంది. గీత కూలి, దాని చోట వెడల్పాటి గుట్ట లేస్తుంది. "పట్టింది!"

ఇందులో మంత్రమేమీ లేదు గానీ, 1991లో స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్‌లో విల్సన్ సిబెట్ బృందం దీన్ని చూపినప్పుడు చాలామందికి మంత్రంలాగే తోచింది. వెలుగు బాగా తీవ్రమైతే స్ఫటికం వక్రీభవన గుణకమే మారి, అదే ఒక కటకమై ఆ వెలుగును కుదిస్తుంది. కుంచించుకున్న వెలుగు ముక్కకు, అంటే స్పందనకు, నష్టం తక్కువ, ధారకు ఎక్కువ. ఆ పోటీ మొదలవడానికే వేలిదెబ్బ. స్ఫటికం మాత్రం అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1982లో, ఎంఐటీ లింకన్ ల్యాబొరేటరీలో పీటర్ మౌల్టన్ చేతిలో లేజరైంది.

ఇప్పుడు సెకనుకు 8 కోట్ల స్పందనలు. ఒక్కొక్కటి 100 ఫెమ్టోసెకన్లు, పొడవు 30 మైక్రాన్లు. వెనకాల వచ్చేది 3.75 మీటర్ల దూరంలో ఉంటుంది.

వెలుగును రెండుగా చీలుస్తారు. ఒక పాయ బీబీఓ స్ఫటికంలో దూరి 400 నానోమీటర్ల ఊదా రంగవుతుంది, అది కుదిపే పంప్. రెండోది, కుదిపాక ఏమైందో చూసే ప్రోబ్. రెండూ కలిసేది చిన్న క్వార్ట్జ్ క్యువెట్‌లో, నీళ్లలో తేలే బంగారు నానో కడ్డీల దగ్గర. కడ్డీ మందం 10 నానోమీటర్లు, పొడవు 40. ఎంత మంచి కటకం పెట్టినా వెలుగును దాని తరంగదైర్ఘ్యంలో దాదాపు సగానికి మించి కుదించలేమని 1873లోనే ఎర్నెస్ట్ అబే లెక్కకట్టాడు. అయినా కడ్డీలోని ఎలక్ట్రాన్లు 800 దగ్గర ఒక్కటిగా ఊగి, ఆ వెలుగును తమ చుట్టూ కొద్ది నానోమీటర్లలోకి లాక్కుంటాయి. నానోఫొటోనిక్స్ బతికేది ఆ సందులోనే.

మ్యాగజైన్లలో ఈ మాట రాగానే మెరిసే బంగారు కణం బొమ్మ వేస్తారు. ఈ గదిలో మాత్రం గంటలు గడిచినా కణం ఊసెత్తేవాళ్లు లేరు. స్క్రూ, దుమ్ము, ఏసీ, టైమ్ జీరో. ముఖ్యంగా టైమ్ జీరో: రెండు స్పందనలూ ఒకే క్షణంలో చేరే చోటు. ప్రోబ్ దారిలో అద్దాలున్న డిలే స్టేజ్‌ను ముందుకూ వెనక్కూ జరుపుతూ వెతకాలి. స్టేజ్ 0.15 మిల్లీమీటరు జరిగితే, రానూపోనూ కలిపి, ఒక పికోసెకను ఆలస్యం. ప్రోబ్ ముందే చేరిపోతే తెరమీద ఏమీ ఉండదు, ఉత్త నాయిస్.

"ఆగు, ఆగు. వెనక్కి పోనీ." నాయిస్‌లోంచి సంకేతాన్ని ఏరే లాకిన్ యాంప్లిఫయర్ అంకెలు కదిలాయి. "అదిగో."

స్కాన్ మొదలవుతుంది. గీత నిలువునా లేస్తుంది: పంప్ ఎలక్ట్రాన్లను వేడెక్కించింది, లోహపు జాలకం ఇంకా చల్లగానే ఉంది. కొద్ది పికోసెకన్లలో ఆ వేడి జాలకానికి చేరి గీత దిగుతుంది. అక్కడితో అయిపోయిందనుకుంటారు మీరు. స్టేజ్ ఇంకా జరుగుతూనే ఉంది. గీత మెల్లగా లేచి, దిగి, మళ్లీ లేస్తుంది. వేడికి ఉలిక్కిపడిన కడ్డీ పొడవునా సాగుతోంది, ముడుచుకుంటోంది. ఒక్కో ఊపుకు సుమారు 40 పికోసెకన్లు. టేబుల్ మీద అది 6 మిల్లీమీటర్ల ప్రయాణం, స్కేలు పెట్టి కొలవచ్చు. మూడో ఊపుకే అలలు నీరసిస్తాయి. నీళ్లు ఆపేస్తాయి కొంత. కడ్డీలన్నీ ఒకే పొడవు కావు కాబట్టి తాళం కూడా తప్పుతుంది.

"బాగుందక్కా! పవర్ పెంచుదామా?"

"వద్దు, సగానికి తగ్గించి మళ్లీ తీద్దాం. గీత ఆకారం మారకూడదు." పవర్ మితిమీరితే కడ్డీలు మెత్తబడి గుండ్రటి గోళీలైపోతాయి, 800 దగ్గరి శిఖరమే మాయమవుతుంది. ఆమె బీమ్ బ్లాక్ చేసి, క్యువెట్ తీసి అతని చేతికిస్తుంది. "ముందు స్పెక్ట్రోమీటర్‌లో పెట్టి చూసిరా. రాడ్లు రాడ్లలాగే ఉన్నాయంటేనే ఈ డేటా మనది."