మైనపుబొమ్మల చీకటిగది

గడచిన వేసవిలో మా పట్టణమునకు ఎగ్జిబిషను వచ్చినది. రంగులరాట్నమునకు ప్రక్కగా ఒక భూత్ బంగ్లా కూడ వెలసినది. మా విద్యార్థి యొకడు లోపలి వింతలనన్నిటిని తన ఫోనుతో చలనచిత్రముగా పట్టి మరునాడు మాకు చూపెను. లోపల కాలు మోపుచోటు కనబడని చీకటియనియు, పచ్చని దీపపు వెలుతురులో ఏదో మీదపడగా తాను కేక వేసితిననియు వాడు చెప్పెను. కాని వాడు చూపిన చిత్రములో చీకటి లేదు. నేటి ఫోనులు పిసరంత వెలుతురునైనను పెంచి చూపును గనుక, గోడకంటించిన థర్మాకోలు ముక్కలును, దయ్యపు చొక్కాకు గుచ్చిన పిన్నీసును చక్కగా కనబడినవి. వాడు చిన్నబోయి, "మాష్టారూ, మేము చూచినది ఇది కాదండీ" అనెను.

అబద్ధమాడు పిల్లవాడు కాడు. వాని కన్ను చూచినది వేరు, యంత్రము చూచినది వేరు. ఈ చిక్కు వానితో పుట్టినది కాదు. దీనికొక చరిత్ర కలదు; అందులో కొంత వేడి, కొంత నష్టము, మనుష్యుల శ్రమయు నున్నవి.

టిక్కెట్టు పెట్టి భయమును అమ్ముట యూరపులో పాతవర్తకమే. కర్టియస్ అను వైద్యుడు పారిసులో మైనపు ప్రతిమలను ప్రదర్శించుచు, 1782లో మహాచోరుల గుహయను పేర నేరగాండ్ర బొమ్మలకు ప్రత్యేకముగా ఒక శాల తెరచెను. ఆయన యొద్ద పని నేర్చిన మేరీ తరువాత టుస్సో యనువానిని పెండ్లాడి, 1802లో తన బొమ్మలతో ఇంగ్లండు చేరెను. లండనులో ఆమె తొలి ప్రదర్శనము లైసియము నాటకశాలలో, దీపయంత్రముతో దయ్యములను చూపు ఫిలిప్‌స్టాల్ ప్రదర్శనముతో కూడ జరిగెను. మైనపుబొమ్మకును చీకటిలోని వెలుగుబొమ్మకును నాడే పొత్తు కుదిరినది.

ఆ దీపయంత్రపువారిలో మిక్కిలి ప్రసిద్ధుడు రాబర్ట్‌సన్. 1798 మొదలు పారిసులో ఆటలాడినవాడు. గాజుపలకమీద పిశాచరూపమును చిత్రించి, రూపముచుట్టు మిగిలిన తావునంతయు నల్లగా పూయుట వీరి కిటుకు. అందుచే వెలుతురు చట్రముగా పడక, పిశాచము ఒంటరిగా గాలిలో తేలినట్లు కనబడెడిది. అనగా ప్రేక్షకులు చూచిన చీకటిలో కొంత దీపము లేనందువలన కలిగినది కాదు, కుంచెతో పూసినది. ఈ సంగతి పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఇక చలనచిత్రమునకు వత్తము. 1933 ఫిబ్రవరిలో వార్నరు సోదరుల సంస్థ మిస్టరీ ఆఫ్ ది వాక్స్ మ్యూజియం అను చిత్రమును విడుదల చేసినది. దర్శకుడు మైకేల్ కర్టిజ్. రంగశాలల రూపకర్త ఆంటన్ గ్రాట్. కెమేరా పట్టినవాడు రే రెనహాన్. ఇది టెక్నికలర్ సంస్థవారి రెండురంగుల పద్ధతిలో తీసినది. రంగులమోజు 1930 నాటికి శిఖరమునంటి, మరుసటియేట చప్పబడినది. అయినను వార్నరు సంస్థకు టెక్నికలర్‌తో చేసికొన్న ఒప్పందము తీరలేదు. అందుచే రంగు ఏ కథకు తగదని లోకులనుకొందురో ఆ కథకే, అనగా చీకటికథకే, దానిని వాడిరి. 1932లో ఇదే దర్శకుడు తీసిన డాక్టర్ ఎక్స్‌ను రంగులలో ఒకమారును, తెలుపునలుపులలో వేరుగా ఒకమారును తీసియుండుటచే, రంగుమీద వారికే పూర్తిగా నమ్మకము లేదని తోచును.

కథ చిన్నది. 1921లో లండనులో ఐవాన్ ఐగర్ అను శిల్పి మైనపుబొమ్మలను, భీమాసొమ్ముకై భాగస్వామి తగులబెట్టును. చేతులు చెడిన శిల్పి పండ్రెండేండ్లకు న్యూయార్కులో మరల బొమ్మలశాల తెరచును. ఆ బొమ్మలు ఎట్లు తయారైనవో చెప్పుట చూడబోవువారికి అన్యాయము.

మాకు కావలసినది ఆ శాలలోని వెలుతురు. రెండురంగుల కెమేరా లోపల ఒక పట్టకముండును. కటకముగుండ వచ్చిన వెలుతురును అది రెండుగా చీల్చి, ఒకపాలును ఎఱ్ఱని వడపోతగుండను, వేరొకపాలును ఆకుపచ్చని వడపోతగుండను ఫిలిముమీదికి పంపును. చీల్చినపుడు సగము పోవును. వడపోతలలో మరికొంత పోవును. చివరకు ఫిలిమునకు దక్కునది స్వల్పము. ఆ కొఱత తీర్చుటకు తెలుపునలుపు చిత్రమునకు చాలుదానికన్న ఎన్నియోరెట్లు దీపములు వెలిగింపవలసియుండెను. మసకమసకగా, మూలలు కనబడకుండ ఉండవలసిన బొమ్మలశాల, పనిజరుగువేళ మిట్టమధ్యాహ్నమును మించి వెలిగినదన్నమాట! ఆ వేడికి మైనపుబొమ్మలు కరగనారంభించినవి. ఏమి చేయుదురు? కొన్ని బొమ్మల స్థానమున మనుష్యులను నిలిపిరి. మైనము ఓర్వలేని వేడిలో మనుష్యుడు ఊపిరి బిగబట్టి, రెప్పవేయక, మైనమువలె నిలువవలెను! మైనము జీవమువలె కనబడవలెనని శిల్పి పాటుపడునట్టి కథకొఱకు, జీవమున్నవారు మైనమువలె కనబడుటకై పాటుపడిరి. ఆ శ్రమకు తెరమీద పేరు లేదు.

ఇంత వెలుతురు పోసి పట్టినదానిని మరల చీకటిగా చేయుటలోనే రెనహాన్, గ్రాట్‌ల ప్రజ్ఞ యున్నది. ఈ పద్ధతిలో నిజమైన నీలము రాదు, పసుపు రాదు, ఊదా రాదు. వచ్చునవి ఎఱుపు నారింజల జాతియు, నీలిపచ్చ జాతియు మాత్రమే. వారు ఆ పేదరికమునే పెట్టుబడిగా వాడుకొనిరి. గోడలకును నీడలకును నీలిపచ్చ. ముఖములకును పెదవులకును మంటకును ఎఱుపు. భరతముని భయానకమునకు నలుపును, రౌద్రమునకు ఎఱుపును, అద్భుతమునకు పసుపును, బీభత్సమునకు నీలమును వర్ణములుగా చెప్పియున్నాడు. ఆ లెక్కన ఈ కెమేరాకు అద్భుతము లేదు, బీభత్సమును అరకొరయే. భయానకరౌద్రములు మాత్రము దండిగా నున్నవి. ఈ పోలికను విద్వాంసులు హాస్యముగానే గ్రహింతురుగాక.

కన్ను మాట కూడ కొంచెము చెప్పవలెను. చీకటిపడునప్పుడు ఎఱ్ఱనిపూవు ముందుగా నల్లబడుననియు, నీలిపచ్చని ఆకులు అంతకన్న తేరి కనబడుననియు పుర్కిన్యే అను చెక్ శాస్త్రజ్ఞుడు 1825లో ప్రకటించెను. మసక వెలుతురులో పనిచేయు నేత్రకణములు రంగులను తెలియవు. కాబట్టి చీకటిగదిని రంగులలో చూపుటయనగా, కన్ను చూడనిదానిని చూపుటయే. నీలిపచ్చ నీడలు ఆ చిత్రమున నిజమునకు దగ్గర. చీకటిలో మెరయు ఎఱ్ఱనిపెదవి కల్పన. అయినను మాకు భయము కలిగించినది ఆ కల్పనయే.

తరువాత ఆ రంగులకు గడ్డుకాలము వచ్చినది. 1935లో బెకీ షార్ప్‌తో పూర్తినిడివి మూడురంగుల చిత్రము వచ్చెను. దానికిని కెమేరా రెనహానే. రెండురంగుల పద్ధతి మూలబడినది. మైనపుబొమ్మల చిత్రపు రంగుప్రతులు కనబడకుండపోయి, చిత్రము నశించినదనియే యెంచబడెను. 1953లో అదే కథను హౌస్ ఆఫ్ వాక్స్ పేర ముప్పేటకొలతల చిత్రముగా, కండ్లద్దములు పెట్టుకొని చూచునట్లు తీసిరి. దాని దర్శకుడు ఆండ్రే డి టోత్‌కు ఒక కన్నే యుండుటచే ఆ లోతు ఆయనకు కనబడనే కనబడదు!

1960ల చివర, సంస్థ యజమాని జాక్ వార్నరు సొంత భాండాగారమున పాతచిత్రపు రంగుప్రతి యొకటి దొరకినది. లోకము సంతోషించినది, కాని చూచినవారిలో కొందరు నిరుత్సాహపడిరి. దానినుండి దించిన నకళ్లలో రంగులు పాలిపోయినవి. ఏండ్లతరబడి జనులు ఆ నకళ్లనే చూచి, ఇంతేకదా యని తీర్పు చెప్పిరి. మా విద్యార్థి ఫోనులోని భూత్ బంగ్లాకును దీనికిని భేదమెక్కడ? 2020 నాటికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు చిత్రభాండాగారమువారు దానిని శ్రద్ధతో బాగుచేసిన మీదటనే, నీడలు మరల నీడలైనవి.

ఆ బాగుచేసిన ప్రతిని మేము ఇంట దీపములార్పి, ఆ పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూచితిమి. మొదటిమారు కథకొఱకు. రెండవమారు వాడే అడిగి పెట్టించెను. కథను విడిచి, ఆ వరుసగా నిలిచిన బొమ్మల కండ్లనే చూచుచు కూర్చుండెను.